యాంటీబాడీలు ఉన్నా నాన్నకి సర్పి ఎందుకొచ్చింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. మా నాన్నకి 64 ఏళ్లు. షుగర్ ఉంది, దమ్ము ఎక్కువై రెండు నెలలుగా స్టెరాయిడ్ మాత్రలు కూడా వాడుతున్నారు. ఆదివారం కుడిపక్క నడుము దగ్గర మంటగా ఉందన్నారు, మంగళవారం సాయంత్రానికి నీటి పొక్కులు వరసగా లేచాయి. ఇవాళ గురువారం. చూసినవాళ్లందరూ సర్పి అంటున్నారు. చిన్నప్పుడు ఆయనకి ఆటలమ్మ పోసిందని మా నానమ్మ చెప్పేది. ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయిస్తే ఆటలమ్మ వైరస్‌కి యాంటీబాడీలు బాగా ఉన్నాయని వచ్చింది. ఉన్నప్పుడు మళ్లీ జబ్బెందుకొచ్చింది? పోయిన నెల పక్కింటి బాబుకి ఆటలమ్మ పోసింది, వాడి నుంచి అంటిందా? తల, తోక కలిస్తే ప్రాణానికే ముప్పని ఎవరో అన్నారు, అది విన్నప్పటి నుంచి నాన్న నిద్రపోవడం లేదు. అక్క ఏడు నెలల పాపతో ఇంట్లోనే ఉంది. ఇమ్యూనిటీ పెరగడానికి మూడు వేల రూపాయల పొడి ఒకటి తెప్పించమంటున్నారు. తెప్పించాలా?

జవాబు: అమ్మా, ముందు చేయాల్సిన పనులేమిటో మీకు గురువారం రాత్రే విడిగా రాసి పంపాను. అవే ఇక్కడ మళ్లీ రాసి, మీరడిగిన "ఎందుకొచ్చింది" అన్న ప్రశ్నకి కాస్త తీరిగ్గా జవాబిస్తాను. ఈ ప్రశ్న మీ ఒక్కరిదే కాదు, నాకు నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు.

సర్పికి మందు ఉంది, దానికి టైమ్ ముఖ్యం. అసైక్లోవిర్ అయితే రోజుకి ఐదుసార్లు, వాలసైక్లోవిర్ అయితే మూడుసార్లు, ఏడు రోజులు వాడతారు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే మంచి గుణం కనిపిస్తుంది. మీ నాన్నగారికి మంగళవారం సాయంత్రం లేచాయి కాబట్టి శుక్రవారం సాయంత్రం దాకా ఆ గడువు ఉంది, కానీ అంతదాకా ఎందుకు, తెల్లారగానే చూపించండి. ఒకవేళ గడువు దాటినా ఇంకా కొత్త పొక్కులు లేస్తూనే ఉంటే, అందులోనూ స్టెరాయిడ్ మీద ఉన్న మనిషికి, డాక్టర్లు మందు మొదలుపెడతారు, ఆలస్యమైపోయిందని ఇంట్లో కూర్చోవద్దు. షుగర్ ఉంది కాబట్టి క్రియాటినిన్ పరీక్ష చేయించమని అడగండి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూసుకుని డోసు తగ్గించాల్సి రావచ్చు. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి, రెండు నెలలు వాడినవాటిని ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తట్టుకోలేదు, అది దమ్ము డాక్టరు చెప్పాల్సిన మాట. పొక్కులు నడుము దాటి ఒళ్లంతా అక్కడక్కడ లేస్తున్నా, జ్వరంతో మాట తడబడినా, నుదుటి మీదో ముక్కు కొన మీదో పొక్కు కనిపించినా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ముక్కు కొన మీద పొక్కు లేచిందంటే అదే నరం కంటిలోకి కూడా పోతుంది, చూపుకి ప్రమాదం.

పసరు, ఎర్రమట్టి పట్టు, పేడ, ఇలాంటివేవీ పొక్కుల మీద పెట్టనివ్వకండి. అవి పగిలిన చోట చీము పడితే, షుగర్ ఉన్న మనిషికి మానడానికి వారాలు పడుతుంది. మంచినీళ్లతో మెల్లగా కడిగి, మెత్తటి నూలుబట్ట కప్పితే చాలు.

ఇక తల, తోక సంగతి. ముందు ఆయన్ని కూర్చోబెట్టి ఇది చెప్పండి, మందు ఎంత అవసరమో ఈ మాట కూడా అంతే అవసరం. వెన్నెముకలో ఒక్కో ఎముక దగ్గర కుడివైపు ఒక నరం, ఎడమవైపు ఒక నరం బయలుదేరతాయి. కుడి నరం వీపు నుంచి పక్కటెముకల మీదుగా కడుపు మధ్యగీత దాకా వచ్చి ఆగిపోతుంది, ఎడమది అటు నుంచి అలాగే. సర్పి ఒక నరం దారి పట్టుకుని వస్తుంది, అందుకే ఆ పొక్కులు పట్టీలాగా ఒకవైపే కనిపిస్తాయి, మధ్యగీత దగ్గరకి వచ్చి నిలిచిపోతాయి. నడుము చుట్టూ తిరిగి తల, తోక కలవడానికి అక్కడ దారే లేదు. పాము చుట్టుకున్నట్టు కనిపిస్తుంది కాబట్టి మనవాళ్లు సర్పి అన్నారు, ఆ పోలిక పట్టుకునే భయం కూడా పుట్టింది. సర్పదోషమని, ఎప్పుడో పాముని చంపిన పాపమని ఎవరైనా అంటే అది కూడా ఆయన మనసులో పెట్టుకోకుండా చూడండి. ఆయన ఏ తప్పూ చేయలేదు.

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. ఈ వైరస్ మీ నాన్న ఒంట్లోకి బయట నుంచి ఇప్పుడు రాలేదు. ఆయన చిన్నప్పుడు, ఆటలమ్మ పోసినప్పుడు వచ్చింది. పొక్కులు ఎండి, చెక్కులు రాలి, తలంటు పోశాక ఇంట్లోవాళ్లు "అమ్మవారు వెళ్లిపోయింది" అనుకున్నారు చూడండి, అప్పటికే అది చర్మం నుంచి నరాల వెంబడి లోపలికి ప్రాకి, వెన్నెముక పక్కన ఉండే నరాల ముళ్లలో చేరి పడుకుంది. ఆ ముడి శనగగింజంత ఉంటుంది. చదువుకునే రోజుల్లో నేను దాన్ని మైక్రోస్కోపు కింద చూశాను. గులాబీ రంగులో గుండ్రటి పెద్దపెద్ద నరాల కణాలు, ఒక్కోదాని మధ్యలో లేత రంగు గడి, ఆ గడిలో ఒక నల్లచుక్క, ప్రతి పెద్ద కణం చుట్టూ దండ గుచ్చినట్టు చిన్న కణాలు. ఇలాంటి నరాల కణాల్లోనే, అన్నిట్లో కాదు కొన్నిట్లో, వైరస్ జన్యుపదార్థం ఒక చుట్టలాగా పడి ఉంటుంది. పిల్లల్ని పెట్టదు, కణాన్ని చంపదు, దాదాపు ఏమీ చేయదు. అలా యాభై ఏళ్లయినా ఉండిపోతుంది.

ఈ సంగతి గట్టిగా చెప్పింది ఇంగ్లండ్‌లో సైరెన్‌సెస్టర్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీసు చేసుకునే ఎడ్గర్ హోప్‌సింప్సన్ అనే మామూలు ఫ్యామిలీ డాక్టరు. పెద్ద ల్యాబ్ ఏమీ లేదు. తన దగ్గరికి వచ్చే సుమారు 3,500 మంది జనంలో 1947 నుంచి 1962 దాకా 16 ఏళ్లు ఎవరికి సర్పి వచ్చిందో, ఎన్నేళ్లకి వచ్చిందో, ఏ పక్క వచ్చిందో ఓపిగ్గా రాసిపెట్టుకున్నాడు. 192 కేసులు. వాటిని ముందు పెట్టుకుని 1965లో ఆయన చెప్పిన మాట ఇది: సర్పి అంటే చిన్ననాటి ఆటలమ్మ వైరస్సే నరాల ముళ్లలోంచి మళ్లీ లేవడం, అది అప్పుడప్పుడు లేవబోతూనే ఉంటుంది, ఒంట్లోని రక్షణ శక్తి దాన్ని అక్కడికక్కడే అణిచేస్తూ ఉంటుంది, వయసుతో ఆ శక్తి ఒక గీత కిందికి దిగిన రోజు అది చర్మం దాకా వచ్చేస్తుంది. ఆయన చెప్పిన ఇంకో మాట మీ పక్కింటి బాబు సంగతికి సరిగ్గా జవాబు. ఆటలమ్మ పోసిన పిల్లల దగ్గర మసలిన పెద్దవాళ్లకి ఆ రక్షణ మళ్లీ పదును ఎక్కుతుందని ఆయన అనుకున్నాడు, తర్వాత వచ్చిన పరిశోధనల్లో కొన్ని దాన్ని బలపరిచాయి కూడా. కాబట్టి ఆ బాబుని తిట్టుకోకండి. సర్పి ఒకరి నుంచి ఒకరికి సర్పిగా అంటదు, ఎవరిది వాళ్ల ఒంట్లోంచే లేస్తుంది.

ఆయన చెప్పిన ఆ రక్షణ శక్తి ఎవరిది? ల్యాబ్ రిపోర్టు మిమ్మల్ని తికమక పెట్టింది ఇక్కడే. మనం రోగనిరోధక శక్తి అనగానే యాంటీబాడీలే అనుకుంటాం, ఎందుకంటే రక్తం తీసి కొలవగలిగేవి అవే, రిపోర్టులో అంకె వేసి చూపించగలిగేవి అవే. యాంటీబాడీ రక్తంలో, ఒంట్లోని నీళ్లలో తిరుగుతూ బయట దొరికిన వైరస్‌ని పట్టుకుంటుంది. కణం లోపలికి వెళ్లలేదు. ఈ వైరస్ ఉండేదేమో నరాల కణం లోపల, లేచినా ఆ నరం పోగు లోపలి నుంచే చర్మం దాకా దిగివస్తుంది. అందుకే మీ నాన్న రక్తంలో యాంటీబాడీలు ఎన్ని ఉన్నా వాటికి అది చిక్కలేదు. పెద్దవాళ్లలో చూస్తే ఈ యాంటీబాడీలు పెద్దగా తగ్గవు కూడా, సర్పి వచ్చినవాళ్లలోనూ అవి నిండుగానే కనిపిస్తాయి. ఆ పరీక్ష అబద్ధం చెప్పలేదు, కానీ మీ ప్రశ్నకి అది జవాబు కాదు. ఆ డబ్బు ఖర్చు పెట్టించాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం.

ఇక్కడ కాపలా టీ కణాలది. ఎముక మూలుగలో పుట్టి, ఛాతీ ఎముక వెనక ఉండే థైమస్ అనే గ్రంథిలో ఎదిగి వస్తాయి కాబట్టి ఆ టీ అన్న పేరు. ఆ గ్రంథి దేనికి పనికొస్తుందో 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త ఎలుకల్లో తేల్చేదాకా అది పనిలేని కండముక్క అనుకునేవాళ్లు. టీ కణం చేసే పని యాంటీబాడీకి చేతకానిది: కణం లోపల ఏం జరుగుతోందో బయట నుంచి కనిపెడుతుంది. ఎలాగంటే, మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రొటీన్లని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కని హెచ్ఎల్ఏ అనే ఒక అమరికలో పెట్టి పైపొర మీద బయటికి చూపిస్తుంది. సంతలో బియ్యం బస్తాలోంచి గుప్పెడు తీసి చేతిలో చూపించినట్టు. టీ కణం వచ్చి తడిమి చూస్తుంది. మన ప్రొటీన్ ముక్కే అయితే వెళ్లిపోతుంది, వైరస్ ముక్క అయితే పట్టుకుంటుంది. వైరస్ ముక్కని ఒక్కదాన్నే కాదు, మన ఒంటి అమరికలో కూర్చున్న వైరస్ ముక్కనే గుర్తుపడుతుందని 1974 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్నాగెల్ కనిపెట్టారు, 1996లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

పట్టుకున్న టీ కణం మామూలుగా ఏం చేస్తుందంటే వైరస్ ఉన్న కణాన్ని చంపేస్తుంది. గొంతులో కణమో ఊపిరితిత్తుల్లో కణమో అయితే పర్వాలేదు, పోయినదాని చోట కొత్తది వస్తుంది. నరాల కణం పోతే మళ్లీ రాదు. వైరస్ ఉన్న ప్రతి నరాల కణాన్నీ టీ కణాలు చంపుకుంటూ పోతే వైరస్ పోవచ్చేమో గానీ, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది, స్పర్శ పోతుంది, మనిషి మొద్దుబారిపోతాడు. మరి చంపకుండా ఎలా అదుపు చేస్తాయి? నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన పరిశోధన దీని మీదే. ఆటలమ్మ వైరస్‌కి దగ్గరి చుట్టం ఒకటుంది, జ్వరం వచ్చినప్పుడు పెదవి మీద పొక్కులు లేపే హెర్పిస్ సింప్లెక్స్. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కొందరు ఎలుకల్లో ఆ వైరస్ పడుకున్న నరాల ముళ్లని తీసి చూశారు. వైరస్ ఉన్న నరాల కణాలకి ఆనుకుని టీ కణాలు చేరి ఉన్నాయి. వైరస్ లేవబోయినప్పుడు ముందుగా కొన్ని ప్రొటీన్లు తయారుచేసుకోవాలి, అవి లేకపోతే తర్వాతి పని ఏదీ మొదలు కాదు. టీ కణం గ్రాంజైమ్ బి అనే కత్తెర లాంటి ప్రొటీన్‌ని నరాల కణం లోపలికి పంపి, సరిగ్గా ఆ మొదటి ప్రొటీన్లలో ఒకదాన్ని కోసేస్తుంది. వైరస్ మళ్లీ పడుకుంటుంది. నరాల కణం బతికే ఉంటుంది. 2008లో అచ్చయిన పని ఇది. మామూలుగా కణాన్ని చంపడానికి వాడే పనిముట్టునే ఇక్కడ చంపకుండా వాడటం. ఇదికాక ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం కూడా వదులుతాయి, అది కూడా వైరస్ లేవకుండా పట్టి ఉంచుతుంది. చనిపోయిన మనుషుల ముఖం నరం ముళ్లలో కూడా హెర్పిస్ సింప్లెక్స్‌ని గుర్తుపట్టే టీ కణాలు అలాగే చేరి కనిపించాయి.

ఈ కాపలా ఒక్క నరాల ముడి దగ్గరే కాదు. జననాంగాల హెర్పిస్ ఉన్నవాళ్ల దగ్గర, పుండు మానిపోయిన చోట చిన్న చర్మం ముక్క తీసి అమెరికాలోని సియాటిల్‌లో పరీక్షిస్తే, పైకి ఏమీ లేని ఆ చర్మం కింద, నరాల కొసలు వచ్చి ఆగే సరిహద్దులోనే, వారాల తర్వాత కూడా టీ కణాలు అక్కడే ఉండిపోయి ఉన్నాయి. రక్తంలోకి తిరిగి వెళ్లవు, ఆ ఊళ్లోనే స్థిరపడిపోతాయి. అక్కడి వైరస్ లేవడం, అణగడం మనం అనుకున్నదానికన్నా చాలా తరచుగా జరుగుతుంది, చాలాసార్లు కొద్ది గంటల్లోనే ముగిసిపోతుంది, మనిషికి తెలియను కూడా తెలియదు.

వైరస్ కూడా ఊరుకోదు. హెర్పిస్ సింప్లెక్స్ తయారుచేసే ఒక చిన్న ప్రొటీన్, కణం ఆ ముక్కల్ని పైకి చేర్చే దారినే మూసేస్తుంది, అప్పుడు టీ కణం వచ్చినా చూడటానికి ఏమీ ఉండదు. ఈ కుటుంబంలోనే ఉన్న సైటోమెగలో వైరస్‌కి ఇలాంటి ఎత్తులు ఇంకా ఎక్కువ. మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు అందరి ఒంట్లోనూ అది ఉంటుంది, మనకి తెలియదు. దాన్ని అణిచి ఉంచడానికి ఒళ్లు ఎంత ఖర్చు పెడుతోందో లెక్కవేస్తే, ఆ వైరస్ ఉన్నవాళ్ల రక్తంలోని జ్ఞాపకం గల టీ కణాల్లో, అంటే ఒకసారి చూసిన క్రిమిని గుర్తుపెట్టుకునే వాటిలో, సగటున పదో వంతు ఆ ఒక్కదాని మీదే పనిచేస్తున్నాయని తేలింది. ఎముక మూలుగ మార్పిడి చేయించుకున్నవాళ్లలో ఆ కాపలా కొన్నాళ్లు పోతుంది, అప్పుడు అదే వైరస్ ఊపిరితిత్తుల మీద పడుతుంది. దాత ఒంట్లోంచి ఆ వైరస్‌ని గుర్తుపట్టే టీ కణాలని తీసి, పెంచి, రోగికి ఎక్కించడం 1992లోనే సియాటిల్‌లో చేసి చూపించారు.

ఆటలమ్మ వైరస్‌కి వస్తే ఎలుకల్లో ప్రయోగాలు ఇంత సులువుగా సాగవు, ఎందుకంటే అది మనుషులకి పట్టే వైరస్, ఎలుకకి ఆటలమ్మ రాదు. కాబట్టి గట్టి సాక్ష్యం మనుషుల జబ్బుల నుంచే వచ్చింది. పుట్టుకతోనే యాంటీబాడీలు తయారుకాని పిల్లలు కొందరుంటారు. వాళ్లకి ఆటలమ్మ పోస్తే అందరి పిల్లల్లాగే వచ్చి తగ్గిపోతుంది. టీ కణాలు లేని పిల్లలకి అదే ఆటలమ్మ ఊపిరితిత్తులకి, మెదడుకి పాకి ప్రాణం తీస్తుంది. సర్పి ఎవరికి ఎక్కువ వస్తుందో చూడండి: మూలుగ మార్పిడి అయినవాళ్లు, హెచ్ఐవి ఉన్నవాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు, ఎక్కువ రోజులు స్టెరాయిడ్ వాడేవాళ్లు, అరవై దాటినవాళ్లు. అందరిలోనూ దెబ్బతిన్నది టీ కణాలే. పెద్ద జబ్బేమీ లేకుండా, ఉత్త టెన్షన్‌తో కూడా ఈ పట్టు కాస్త సడలుతుంది. అంతరిక్షంలోకి వెళ్లొచ్చిన నాసా వ్యోమగాముల ఉమ్మి పరీక్షిస్తే, ఒంటి మీద ఒక్క పొక్కు లేకపోయినా, అందులో ఆటలమ్మ వైరస్ జాడ కనిపించింది. మనలో ఎంతో గట్టి మనుషులు వాళ్లు.

మీ నాన్నకి ఇప్పుడే ఎందుకంటే మూడు కలిశాయి. వయసు: థైమస్ యవ్వనం నుంచే కరిగిపోతూ కొవ్వుగా మారుతుంది, కొత్త టీ కణాలు రావడం తగ్గుతుంది, పాతవాటిలో ఈ వైరస్‌ని గుర్తుపట్టేవి ఏటికేడు పలచబడతాయి. షుగర్ రెండోది. మూడోది, ఈసారి బహుశా తూకం ఒరిగేలా చేసింది, రెండు నెలల స్టెరాయిడ్. ఆ మందు ఇచ్చిన డాక్టరుది తప్పనడం లేదు, ఊపిరి ఆడని మనిషికి అది అవసరం, ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించేదీ అదే, టీ కణాలని మందగింపజేసేదీ అదే. కాకపోతే ఇంతకాలం స్టెరాయిడ్ రాసేటప్పుడు సర్పి రావచ్చని, నరం మీద మంటగా అనిపిస్తే వెంటనే రమ్మని ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. ఆదివారం మంటకి మీరు మంగళవారం దాకా ఆగేవాళ్లు కాదు.

పొడి సంగతి. తెప్పించకండి. "ఇమ్యూనిటీ" అని ఒకే డబ్బాలో ఒకే వస్తువు ఉండదు, చెంచాతో నింపడానికి. మీ నాన్నకి కావాల్సింది ఆ ఒక్క వైరస్‌ని గుర్తుపట్టే టీ కణాలు, అవి పెరగాలంటే ఆ వైరస్ ముక్కని వాటికి చూపించాలి. ఏ పొడిలోనూ అది ఉండదు. పైగా కొన్ని పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్ముతారు, షుగర్ ఉన్న మనిషికి అది ఇంకా చేటు. ఆ మూడు వేలు దాచండి, వేరే పనికి కావాలి.

ఆ వేరే పని టీకా. ఆటలమ్మ వైరస్‌ని బలహీనపరిచి మొదటి టీకా చేసింది జపాన్‌లో మిచియాకి తకహాషి, 1974లో. సొంత కొడుక్కి ఆటలమ్మ తీవ్రంగా రావడం చూసి ఆ పని మొదలుపెట్టిన మనిషి. అదే వైరస్‌ని చాలా ఎక్కువ మోతాదులో పెట్టి పెద్దవాళ్లకి సర్పి టీకాగా ఇచ్చి చూశారు. 2005లో 38,000 మందికి పైగా పెద్దవాళ్ల మీద వచ్చిన ఫలితంలో సర్పి సగానికి తగ్గింది, ఆ తర్వాత మిగిలిపోయే నొప్పి మూడింట రెండు వంతులు తగ్గింది. ఇప్పుడు వాడేది షింగ్రిక్స్, అందులో బతికున్న వైరస్ లేదు, వైరస్ పైపొరలోని ఒక్క ప్రొటీన్ ఉంటుంది, దానితో పాటు టీ కణాలని గట్టిగా లేపే సహాయక మందు, అందులో ఒక భాగం చిలీ దేశపు ఒక చెట్టు బెరడు నుంచి తీస్తారు. యాభై దాటినవాళ్లలో చేసిన ట్రయల్‌లో దాని రక్షణ 97 శాతం, డెబ్బై దాటినవాళ్లలో కూడా తొంభై దగ్గరే ఉంది. యాభై అరవై ఏళ్లుగా యాంటీబాడీలతో నిండుగా ఉన్నవాళ్లకే ఈ టీకా ఇంత పని చేసిందంటే, తక్కువైంది టీ కణాలే అన్నమాట.

మన దేశంలో ఇది 2023లో వచ్చింది. రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి ఆరు నెలల గడువు. ఖరీదు, ఒక్కో డోసు వేలల్లో ఉంటుంది, ఇది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఎక్కువ అవసరం ఉన్న పెద్దవాళ్లకే అది అందడం లేదు. బతికున్న వైరస్ లేదు కాబట్టి స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకి కూడా ఇవ్వొచ్చు. మీ నాన్నకి ఇప్పుడు కాదు, పొక్కులు పూర్తిగా మానాలి. ఎన్నాళ్లకి వేయించాలన్నది మీ డాక్టరుతో మాట్లాడండి, కొందరు ఆరు నెలలు, కొందరు ఏడాది ఆగమంటారు. మీ అమ్మకి యాభై దాటితే ఆమె గురించి కూడా అడగండి. ఇంట్లో ఒకరికి వచ్చినప్పుడే రెండోవాళ్లు గుర్తొస్తారు, అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

పాప గురించి. ఆమెకి తాతయ్య నుంచి సర్పి రాదు, కానీ పొక్కుల్లోని నీళ్లు తగిలితే ఆటలమ్మ రావచ్చు, తల్లి నుంచి వచ్చిన రక్షణ ఏడు నెలలకి చాలావరకు తగ్గిపోతుంది. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా, అంటే సాధారణంగా వారం పది రోజులు, పొక్కుల మీద బట్ట తీయకుండా, ఆయన తువ్వాలు, పక్కబట్టలు విడిగా ఉతికి, చేతులు కడుక్కుంటూ ఉంటే చాలు. స్టెరాయిడ్ మీద ఉన్నారు కాబట్టి ఆ వారం పాపని వేరే గదిలో పడుకోబెట్టడం ఇంకా మంచిది. మనవరాలు దూరం నుంచి ఆయనకి కనిపించేలా చూడండి, ఆయన భయం సగం తగ్గుతుంది. ఊళ్లో గర్భిణులెవరికైనా చిన్నప్పుడు ఆటలమ్మ పోయకపోతే వాళ్లు ఈ వారం మీ ఇంటికి రాకుండా ఉండటం మంచిది. పాపకి ఏడాది దాటాక ఆటలమ్మ టీకా వేయించండి, సర్కారు టీకాల్లో అది లేదు, పిల్లల డాక్టరు దగ్గర విడిగా అడగాలి.

చివరిగా నొప్పి. మా అమ్మకి 71వ ఏట సర్పి వచ్చింది, ఎడమ రొమ్ము కింద. పొక్కులు మూడు వారాల్లో మానాయి, నొప్పి మానలేదు. చీర కొంగు తగిలినా ఉలిక్కిపడేది, ఫ్యాన్ గాలికి కూడా మంట అనేది, రాత్రి పైట తీసేసి గోడకి ఆనుకుని కూర్చుని తెల్లవార్లూ మేలుకునేది. చుట్టూ ఉన్నవాళ్లు "పొక్కులు పోయాయిగా, ఇంకా ఏమిటి" అన్నారు, ఆమె చెప్పడం మానేసింది, నాకు ఫోన్లో కూడా చెప్పలేదు. నేను వెళ్లి చూసేసరికి రెండు నెలలైంది. వైరస్ లేచి నరం పొడవునా దిగేటప్పుడు ఆ నరాన్ని దెబ్బతీస్తుంది, దెబ్బతిన్న నరం ఉత్త తాకిడిని కూడా నొప్పిగా మెదడుకి చెబుతుంది. మామూలు నొప్పి మాత్రలు దానికి పనిచేయవు. గాబాపెంటిన్, ప్రిగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు ఉన్నాయి, చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, మీ నాన్నకి కిడ్నీ చూసి ఇస్తారు, మగతగా ఉండొచ్చు కాబట్టి మొదటి రాత్రుళ్లు లేచి నడిచేటప్పుడు తోడుండండి. మూడు నెలలు దాటినా నొప్పి ఉంటే దానికి వేరే పేరు, వేరే వైద్యం ఉంది, అంతదాకా రాకూడదనే మొదట చెప్పిన వైరస్ మాత్రల తొందర.

ఆయన్ని రోజూ రాత్రి ఒక మాట అడగండి: బనీను తగిలితే ఎలా ఉంది అని. ఎలా ఉందో ఆయన నోటితో ఆయన్నే చెప్పనివ్వండి. వచ్చే గురువారానికి పొక్కులు చెక్కు కట్టాయో లేదో, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో నాకు రాయండి, క్రియాటినిన్ అంకె కూడా.